తలుపు తియ్యకు, ఇల్వియా

9 జూలై 2025, బుధవారం

చనిపోయిన భర్తతో నేను మాట్లాడుతున్నానన్నది అబద్ధం. ఆ మాటను సోనారిలోని మా కాలనీ అంతటికీ పంచిపెట్టింది పక్కింటి జోగమ్మ. మధ్యాహ్నం రెండున్నరకు మా ఇంట్లోంచి "తియ్యకు, తలుపు తియ్యకు" అని కేకలు వినబడుతున్నాయట. కేకలు నావే. వేసింది ఇల్వియా మీద. ఇల్వియా ఒక కామిక్‌లో కథానాయిక. మనవరాలు హేమ నా ఫోన్‌లో ఆ యాప్ పెట్టి వెళ్ళింది. ఎం.ఏ. చదివి, ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పిన డెబ్బై రెండేళ్ళ మనిషి బొమ్మల కథ చదువుతోందంటే ఎవరూ నమ్మరు. దయ్యంతో కాపురం చేస్తోందంటే వెంటనే నమ్ముతారు.

11 జూలై

కథ ఇది. ఉత్తరకోట డ్యూక్ నిర్లక్ష్యానికి అతని భార్య ఇల్వియా మంచం పట్టి చనిపోయింది. ఒక మంత్రం ఆమెను పెళ్ళికి ముందు రోజుకు వెనక్కి తెచ్చింది. రెండో జన్మ! అందులోనూ అతణ్ణే చేసుకుంది. అతను మాట్లాడడు. పేరు పెట్టి పిలవడు. ఉంగరంతో తలుపు మీద రెండుసార్లు కొడతాడు. ఆమె పరుగున వెళ్ళి తీస్తుంది.

కామెంట్లలో పాఠకులు మండిపడుతున్నారు. వీడు హీరో ఏమిటి, నడిచే రెడ్ ఫ్లాగ్ అని ఒకరు. పాపం, చిన్నప్పుడే తల్లి పోయిందిగా అని మరొకరు. నేనూ రాశాను: అతని బాల్యం కష్టమైతే ఆ శిక్ష ఆమె ఎందుకు అనుభవించాలి? నాలుగు వందల లైకులు. హేమ ఫోన్ చేసి, అమ్మమ్మా, ఆప్ తో వైరల్ హో గయీ అని పగలబడి నవ్వింది. హీరో చివర్లో సుధర్ జాయేగా, మారతాడు, కాస్త ఓపిక పట్టమంది. ఆ మాట నాకు చెప్పిందా, ఇల్వియాకా?

14 జూలై

జోగమ్మ అరటికాయ బజ్జీలు పట్టుకొచ్చింది. ఏటి టీచరమ్మా, బాబుగోరు వత్తన్నారంట, నాకు మాటైనా సెప్పవా అని నిష్ఠూరమాడింది. గమ్హరియాలో ఒక ఓఝా ఉన్నాడట, ఒక్క నిమ్మకాయతో దయ్యాన్ని పంపేస్తాడట. అయినా నీ అదురుష్టం, మాయన బతికుండి కూడా ఏళకి ఇంటికి రాడు అంది. ఆమెకు డ్యూక్ బొమ్మ చూపించాను. ఈడా, మొకం బాగుంది గానీ సూపు మా పెద్దల్లుడిదే అని తేల్చేసింది.

బజ్జీలు బాగున్నాయి. కాని దయ్యం మాట అప్పటికే మా అమ్మాయి కల్యాణి దాకా వెళ్ళిపోయింది.

17 జూలై, మధ్యాహ్నం 3 గంటలు

ఇక్కడ కూడా అబద్ధం రాస్తే ఈ డైరీ ఎందుకు?

నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. మా వైపు ఆ తరం మగవాళ్ళకు అది అలవాటే. ఫ్యాక్టరీలో మొదటి షిఫ్టు దిగి వచ్చినా, రిటైరయ్యాక సాక్చి బజారు నుంచి వచ్చినా, రెండున్నరకు గుమ్మం బయట రెండుసార్లు దగ్గేవారు. నేను కాలింగ్ బెల్ పెట్టించాను. దాన్ని ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. పొయ్యి మీద ఏది మాడుతున్నా, దగ్గు వినబడితే నేను వెళ్ళి తలుపు తీయాలి.

1983లో నాకు రాంచీలో లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. ఆయన వద్దనలేదు. పంతొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ఆర్డరు తిప్పి పంపాను. ఇరవయ్యో రోజు గుమ్మంలో ఆ దగ్గు. తలుపు తీశాను. అదే క్షమాపణ అనుకున్నాను.

ఆయన పోయి నాలుగేళ్ళయింది. దగ్గు పోలేదు. రోజూ రెండున్నరకు వినబడుతుంది. రోజూ లేచి తీస్తాను. ఎండ తప్ప ఎవరూ లోపలికి రారు.

తియ్యకు అని నేను కేకలు వేసింది ఇల్వియా మీదేనా?

20 జూలై, ఆదివారం

కల్యాణి, హేమ భోజనానికి వచ్చారు. రెండున్నరయింది. దగ్గు. నాకు తెలియకుండానే లేచాను. నా చెయ్యి గొళ్ళెం మీద ఉండగా కల్యాణి చూసింది. గాలి కోసం అన్నాను. ఎదురుగా కిటికీ తెరిచే ఉంది.

ఇంక చాల్లే అమ్మా, ఒక్కర్తివీ ఉండి ఇలాగైపోతన్నావు, మా ఇంట్లో నీకు గది సర్దించీసాను అంది. వచ్చే ఆదివారం మూడింటికి బండి తెస్తుందట. నా సమ్మతి అడగలేదు. ఆ విద్య ఆమెకు తండ్రి నుంచే వచ్చింది. హేమ మాత్రం గొళ్ళెం వైపే చూస్తూ, కౌన్ థా అమ్మమ్మా, ఎవరది అని మెల్లగా అడిగింది.

22 జూలై

తీశాను.

26 జూలై, శనివారం

ఎనభై ఎనిమిదో ఎపిసోడ్. బయట మంచు. డ్యూక్ తలుపు కొట్టలేదు. మొదటిసారి "ఇల్వియా" అని పిలిచాడు. ఆమె ఏడుస్తూ తీసింది. కామెంట్ల నిండా ఎర్ర గుండెలు. నిన్నటిదాకా తిట్టిపోసినవాళ్ళే అతణ్ణి క్షమించేశారు. హేమ కూడా.

నేను ఏమీ రాయలేదు. ఒక్క పిలుపు కోసం రెండు జన్మలు! అది పెళ్ళినాడే ఇవ్వవలసినది. అదే ఇప్పుడు బహుమతి ఎలా అయింది?

అయినా ఆమె తీసినప్పుడు నాకు కన్నీళ్ళొచ్చాయి. అందుకే ఈ కోపం.

27 జూలై, ఆదివారం, 2:40

బండి తేవద్దని పొద్దున్నే కల్యాణికి చెప్పేశాను. ఎవరినీ సలహా అడగలేదు.

ఇవాళ దగ్గు వినబడలేదు. గుమ్మం బయట నుంచి "గౌరీ" అని పిలుపు. ఆ గొంతే.

తలుపు తీయలేదు. తీయకూడదని నిన్ననే నిర్ణయించుకున్నాను.