నిద్రలో యాభై రెండు

సుబ్బమ్మా,

నువ్వు పోయి ఈ రోజుకు రెండేళ్లు. పొద్దున నీకిష్టమైన ఉగ్గాని చేసి నీ ఫొటో ముందు పెట్టాం. కారం కాస్త ఎక్కువైంది.

ఎండాకాలం మధ్యాహ్నాలు నేను కునుకు తీస్తే నువ్వు నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టేదానివి. తక్కువొచ్చిందని భయపడి నన్ను తట్టి లేపేదానివి. ఉలిక్కిపడి లేస్తే గుండె దడదడ కొట్టుకునేది. మళ్లీ లెక్కపెట్టి, "ఇప్పుడు బాగుండాది, పండుకో" అనేదానివి. ఇరవై ఏళ్లు ఒక్క కునుకూ తిన్నగా తియ్యనివ్వలేదు. మన రేణుక అది చూసి పడీపడీ నవ్వేది.

పోయిన నెల రేణుకే నా చేతికి గుండె లెక్క చూపే వాచీ కట్టింది. మెలకువలో డెబ్బై, నిద్రలో యాభై రెండు. నేనొక్కడినే కడపకు పోయి డాక్టరును అడిగాను. "నిద్రపోతే గుండె కూడా నిదానిస్తాది పెద్దాయనా. మీకిది మామూలే" అన్నాడు. నీ లెక్క సరైనదే, భయమే దండగ.

ఈ మధ్యాహ్నం నిద్రలో ఎవరో నా భుజం తట్టారు. చూస్తే రేణుక. వాచీ లెక్క తన ఫోనులో చూస్తాంది.

"నాయనా, యాభై రెండుకు పడిపోయింది. బాగుండావా?"

ఉలిక్కిపడి లేచాను కదా, లెక్క ఎనభై దాటింది. దాని మొహం తేటపడింది.

"ఇప్పుడు బాగుండాది, పండుకో నాయనా."

డాక్టరు మాట నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. నువ్వున్నా చెప్పేవాణ్ని కాదు.