పూడ్చేసిన అతుకు

1978 ఎండాకాలం, అమావాస్య మరునాడు

మిలిటరీ మైదానంలో విమానాలకు పెట్రోలు పోయే గొట్టం కోసం కాలువ తవ్వించేది నేనే. గొట్టంలో నీళ్లు పట్టి, కారడం లేదని చూసేదాకా అతుకులు పూడ్చవద్దని ఇంజనీరు చెప్పాడు. తెరిచిన గుంత అమావాస్యకు మనిషిని అడుగుతుందని మా నాయన అనేవాడు. అందుకే మొన్న సాయంత్రం అన్నీ పూడ్పించాను. ఈరోజు నీళ్లు పడితే మీటరు ముల్లు దిగిపోతూనే ఉంది, ఎక్కడో కారుతోంది.

"ఎవురు పూడ్చమన్నారు పెద్దాయనా? ఇప్పుడు మొత్తం మళ్లా తవ్వల్లనా?" అని ఇంజనీరు అరిచాడు.

"నేనే సామీ. కూలోళ్లను ఏమీ అనొద్దు."

చెప్పులు విడిచి కాలువ పొడవునా నడిచాను. "ఏం మేస్త్రీ మామా, తిరుపతి కొండకు మొక్కుకుంటివా?" అని మట్టి మోసే నారాయణమ్మ నవ్వింది. ఒకచోట నేల అరికాలికి చల్లగా తగిలింది.

"ఈడ తవ్వండప్పా."

తవ్వితే అక్కడి అతుకు కారుతోంది.

నీళ్లు కాబట్టి నా కాలికి దొరికింది. పెట్రోలయి ఉంటే ఎవరి బీడీకో దొరికేది. రేపు మిగతా అతుకులన్నీ తెరిపిస్తాను. తప్పు నాదేనని కూలీల ముందు చెప్పాలి. పూడ్పించింది నేనేనని ఇంజనీరుతో అన్నాను గానీ, తప్పు నాదని ఇంతవరకు ఎవరి ముందూ అనలేదు.