రంగి బండికి గొంగడి పట్టీలు

సూర్యాపేట,
1949 ఆగస్టు, శనివారం.

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు శాంతమ్మ వందనాలతో రాస్తున్నది. ప్రభువు దయవల్ల ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందనీ, కోదాడలో వానలు బాగా పడ్డాయనీ చదివి మనసు నెమ్మదించింది.

నువ్వడిగిన వాటికి జవాబు. వేళకు తింటున్నాను. ఉసిరికాయ పచ్చడి అందింది. ఇక తమ్ముడు దేవదాసు నీకు చెప్పింది నిజమే. నేను కుక్కల చేత బండి లాగిస్తున్నాను.

ఆ బండి రంగిది. రంగి మా బడిలో నాలుగో తరగతి పిల్ల, గొల్ల ఉప్పలయ్య కూతురు. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. వాళ్లమ్మ బాలనర్సమ్మ రోజూ వీపున మోసుకొచ్చేది. ఇప్పుడు ఆమెకు నెలలు నిండుతున్నాయి, మోయలేదు. ఉప్పలయ్య తెల్లారకముందే కూలికి పోవాలి. నిరుటి గలాటాల్లో అతని గొర్రెలన్నీ పోయి, మందకు కాపలా ఉన్న రెండు పెద్ద కుక్కలే మిగిలాయి. పిల్లను బడి మాన్పించమని అందరూ అంటుంటే రంగే అన్నది: "గవి ఖాళీగనే తిరుగుతున్నయి గద పంతులమ్మా. బండికి కడ్తె గుంజయా?"

నవ్వొచ్చింది. కాసేపటికి, ఎందుకు గుంజవు అనిపించింది.

నీళ్ల కుండలు తెచ్చే చిన్న బండి ఒకటి వాళ్లింట్లో ఉంది. ఉప్పలయ్య దానికి తగిన కాడి చెక్కాడు. ఎడ్లకు కట్టినట్టే కుక్కల మెడల మీద పెట్టి, గొంతు కింద నుంచి పలుపు బిగించాం. బండి అంటే కాడి, మా ఇద్దరికీ తెలిసింది అంతే. ఎద్దుకు మూపురం ఉంటుంది, కాడి దానికి ఆనుతుంది. కుక్కకు ఏముంది? కాడి వెనక్కి జారి పలుపు గొంతుకు పట్టింది.

ఇప్పుడు కాడి లేదు. పాత గొంగడి ముక్కలు మడిచి దబ్బనంతో నేనే పట్టీలు కుట్టాను. రొమ్ముకు అడ్డంగా ఒకటి, అది పైకి జారకుండా ముందు కాళ్ల వెనక పొట్ట చుట్టూ ఇంకొకటి, రెండు పక్కల నుంచి బండికి తాళ్లు. పట్టీ కింద వేళ్లు దూరాలి, లేకపోతే ఒరుసుకుంటుంది. ఎర్ర కుక్కకు చంక దగ్గర ఒరిసింది. అక్కడ నా పాత చీర గుడ్డ చుట్టాను. ఇప్పుడు రెండూ తోకలాడిస్తూ లాగుతున్నాయి.

సిగ్గనిపించడం లేదా అని అడిగావు. అయితే దేవదాసుకు కూడా తెలియనిది చెబుతాను.

మొదటి రోజు బజారు నడుమ కుక్కలు ఊపిరాడక దగ్గుతూ కూలబడ్డాయి. జనం మూగారు. "ఇయ్యాల కుక్కలు, రేపు పిల్లులను కడ్తవా పంతులమ్మా?" అన్నాడొకడు. మా బడి కమిటీ పెద్ద గోపయ్యగారు తన బట్టల కొట్టు అరుగు మీద నుంచే, "పొల్లను ఇంటికి తోలుండ్రి శాంతమ్మగారూ. గా కాళ్లతోని సదివి ఏం జేస్తది?" అన్నారు. రంగి తల దించుకుంది.

అమ్మా, నేను ఆ కాడి విప్పి నా మెడ మీద పెట్టుకున్నాను. ఊరందరి చేత మాటపడి నువ్వు మద్రాసు పంపి బి.ఏ. చదివించిన కూతురు సూర్యాపేట బజారులో బండి లాగింది. కొన్ని అడుగులకే పలుపు గొంతు నొక్కి కళ్ల వెంట నీళ్లొచ్చాయి. కాడి అక్కడే పడేసి, పలుపు కొనలు బండికి కట్టి, దాన్ని రొమ్ముకు అడ్డంగా వేసుకున్నాను. బండి కదిలింది. వెనక నుంచి రంగి, "వాటికి గూడ గట్లనే కట్టాలె పంతులమ్మా" అన్నది. బడిదాకా లాగాను.

ఆ పిల్ల కోసం లాగానా, గోపయ్యగారి మీద పంతంతో లాగానా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. జవాబు దొరకలేదు. దొరికేదాకా ఆగితే రంగి చదువు ఆగిపోతుంది.

సెలవు పెట్టి కోదాడ వచ్చేయమన్నావు. రాను. నిన్న గోపయ్యగారు నన్ను పిలిచి, సోమవారం నుంచి కుక్కలు బడి గేటు దాటితే నా ఉద్యోగం ఉండదన్నారు. గేటు బయటే విప్పేస్తానన్నాను. ఆయన సంతోషించారు. గేటు నుంచి తరగతి దాకా అంతా ఇసుక.

ఇంటికొచ్చి ఇంకో పట్టీ కుట్టాను. అది నా కొలతకు.

ఇట్లు,
నీ మాట విననందుకు మన్నించమని అడగని నీ పెద్ద కూతురు,
శాంతమ్మ