పొయ్యి పై అరలో మాత్రలు

ఏమండీ,
ఫ్రిజ్‌లో ఉండాల్సిన నా యోని మాత్రలు, ఆ మైనంలాంటివి, పొయ్యి పై అరలో దొరికాయి, ఆరూ నూనెలా కరిగిపోయి. మందుల షాపుకి ఫోన్ చేస్తే, మళ్ళీ గడ్డకట్టించినా వాడొద్దన్నారు. డాక్టరు చీటీ సొరుగులో ఉంది. సాయంత్రం కొత్త పెట్టె తెచ్చి తిన్నగా ఫ్రిజ్‌లో పెట్టండి. షాపులో గొంతు తగ్గించకండి, వేరే మందు ఇచ్చేస్తారు. ఒక్కరోజు మానినా తిరగబెడుతుందట. ఈ ఇన్ఫెక్షన్ రావడం ఇప్పటికే మూడోసారి. మంట నాది, మీకేం!
ఇంట్లో ఉండేది ఇద్దరం. పెట్టెకి కాళ్ళొచ్చాయా?

నీ చీటీ కిందే రాస్తున్నాను. కొత్తవి ఫ్రిజ్‌లో పెట్టాను. పాతవి తీసింది నేనే. నిన్న మా ఆఫీసువాళ్ళు వచ్చినప్పుడు, ఫ్రిజ్ తెరిచి పెట్టె మీద పేరు చదువుతారేమోనని సిగ్గేసింది. నా పరువు గుర్తొచ్చింది, నీ మంట గుర్తు రాలేదు.