బాక్సింగ్ సినిమాకు మీ నాయన

ప్రేమమ్మా,

మొన్నటి పోటీలో ఓడిపోయానని, ఇక బాక్సింగ్ మానేస్తానని ఏడ్చావు. ఫోనులో చెబితే నవ్వులాట అనుకుంటావని రాస్తున్నాను.

నువ్వు గ్లవ్స్ తొడిగినప్పటి నుంచి నీతో మాట్లాడని మీ నాయనను నిన్న కోలారులో బాక్సింగ్ సినిమాకు తీసుకుపోయాను. పట్టుపురుగులు గూళ్లు కడుతుంటే గడప దాటని మనిషి, వాటిని మీ అమ్మకు అప్పజెప్పి మరీ వచ్చాడు.

ఎంత బాగా తీశారమ్మా! తండ్రి వద్దన్నా రింగులోకి దిగిన పిల్ల కథ. చివరి పోటీలో దెబ్బ తిని పడిపోయింది. రెఫరీ అంకెలు లెక్కపెడుతున్నాడు. మీ నాయన కుర్చీలోంచి లేచి అరిచాడు:

"ప్రేమా, లెయ్యమ్మా! ఇంగా టైముండాది, లెయ్యి!"

వెనకవాళ్లు కూర్చోమని కేకలేశారు. తెరమీద ఆ పిల్ల లేచేదాకా ఆయన కూర్చోలేదు.

టేకల్ నుంచి,
మీ మామ