సారంగు గారి సాయంత్రం డోసు

కృష్ణలంక, విజయవాడ
9-8-1976

నా గంగారత్నానికి, కాశీరావు రాసేది.

పాతికేళ్లు నేను ఇంజను కుర్రాళ్ల మీద సారంగుగా ఉంటూ ఓడలోనుంచి రాస్తే నువ్వు ఇంట్లో కూచుని చదివేదానివి. ఇప్పుడు నేను ఇంట్లో కూచుని రాస్తున్నాను, నువ్వు చల్లపల్లిలో చదువుతున్నావు. ఇల్లు కనిపెట్టుకుని ఉండటం ఎంత కష్టమో ఈ మూడు వారాల్లో బాగా తెలిసొచ్చింది. పాలు రెండుసార్లు పొంగించాను, పప్పు ఒకసారి మాడ్చాను. పెద్దింట్లమ్మ వదిన కాలికి కట్టు విప్పారా? మీ అక్కగారిని తొందరపడి నడవొద్దని చెప్పు.

ముందే ఒక మాట రాస్తున్నాను. నేనిప్పుడు బాగానే ఉన్నాను. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదువు. సగంలో ఆపి బస్సెక్కవద్దు.

నువ్వు వెళ్లిన నాలుగో రోజు గడ్డం గీసుకుంటూ అద్దంలో చూసుకుంటే నా కళ్లు పచ్చగా ఉన్నాయి. పాదాలు చెప్పుల్లో పట్టలేదు. నా ఓడ జతగాడు ఎల్లారావుకి కబురు పెట్టాను. వాడు వచ్చి నా రెప్ప కిందికి లాగి చూసి, "కామెర్లురా. నేల ఉసిరి నూరుకుని తాగు, తగ్గిపోద్ది. సాయంత్రం డోసు మాత్రం మానమాకు. అది పడకపోతే లోపల పొగ గడ్డకట్టుద్ది" అన్నాడు. ఇంజన్ గదిలో పనిచేసిన మావాళ్లందరి సిద్ధాంతమూ ఇదే కదా. బొగ్గు పొగ, నూనె ఆవిరి ఛాతీలో పేరుకుంటాయి, రమ్ము వాటిని కడిగేస్తుంది, ఒడ్డు మీద డాక్టర్లకి ఓడ మనిషి ఒంటి సంగతి తెలియదు. బంగార్రాజు పొట్ట ఉబ్బి పోతే వేడి చేసిందన్నాం. గిలకలదిండిలో శౌరయ్య రక్తం కక్కుకుని పోతే ఇన్నేళ్ల ఉప్పుగాలి అన్నాం. రమ్ము పేరు ఒక్కళ్లమూ ఎత్తలేదు.

నేల ఉసిరి వారం తాగినా పాదాలు తగ్గలేదు. అప్పుడు డాక్టరు పూర్ణచంద్రరావు గారి దగ్గరికి వెళ్లాను. పెట్టెలోనుంచి నా బొంబాయి పర్మిట్టు కార్డు తీసి జేబులో పెట్టుకుని మరీ వెళ్లాను. తాగుతారా అని ఆయన అడగ్గానే కార్డు బల్లమీద పెట్టి, "తాగడం కాదండీ, వైద్యం. సర్కారు డాక్టరే రాసిచ్చాడు" అన్నాను. ఆయన కళ్లజోడు సవరించుకుని చదివాడు. ముందు నవ్వాడు. తరవాత నవ్వడం మానేసి, "సారంగు గారూ, చేతులు చాపండి" అన్నాడు.

గంగా, ఇక్కడినుంచి నాకు రాయడం కష్టంగా ఉంది.

ఆ కార్డు అబద్ధం. బొంబాయిలో తాగుడు నిషేధం. ఓడ దిగినవాడికి చుక్క కావాలంటే, తాగకపోతే వీడి ఆరోగ్యం నిలవదని డాక్టరు రాయాలి. అది ఎలా రాయించుకోవాలో పాతవాళ్లు మాకు నేర్పేవాళ్లు. ముందురోజు అన్నం మానెయ్యి, పొద్దున్నే నాలుగు కప్పుల టీ తాగు, డాక్టరు చేతులు చాపమంటే వేళ్లు వణికించు. నేను వణికించాను. నాకు ఏ జబ్బూ లేదు. ఆయన తలెత్తి చూడకుండానే సంతకం పెట్టాడు. బయటికొచ్చి నేనూ ఎల్లారావూ పొట్టలు పట్టుకుని నవ్వుకున్నాం.

ఆ కార్డుని నేను నీకు చూపించి ఉండకూడదు. మీ నాన్న సారాతో పోయాడనీ, తాగేవాడితో కాపురం చెయ్యననీ పెళ్లి మాటలప్పుడే నువ్వు చెప్పావు. నేను ఓడ ఉద్యోగం మానేసి ఇంటికొచ్చిన ఏడాది ట్రంకు పెట్టెలో సీసా నీ చేతికి దొరికింది. నీ మొహం చూసి భయపడ్డాను. నడిసముద్రంలో, తుఫానులో ఇంజను ఆగినప్పుడు కూడా అంత భయపడలేదు. కార్డు తీసి, "తాగుడు కాదే, గవర్నమెంటు డోసు. ఇది పడకపోతే పోతాను" అన్నాను. నువ్వు ఆ ఇంగ్లీషు కార్డు పట్టుకెళ్లి రామ్మూర్తి మాస్టారి చేత చదివించుకున్నావు. తిరిగొచ్చావు. ఆ సాయంత్రం నుంచి నీ చేత్తోనే పోసి ఇచ్చావు.

ఏడేళ్లు పోశావు. ఆసుపత్రి మిక్స్చరు సీసాకి కాంపౌండరు అంటించినట్టు గళ్లు కత్తిరించిన కాగితం అంటించి, గడికొక సాయంత్రం లెక్కన ఇచ్చావు. మూడో ఏడు నుంచి నాకు ఆ ఒక్క గడి చాలక, నీకు తెలియకుండా ఎల్లారావు ఇంట్లో ఇంకో రెండు పడేవి. అయినా కొన్ని సాయంత్రాలు నిజంగానే వద్దనిపించేది, కడుపులో మంటగా ఉండేది. వద్దంటే నువ్వు గ్లాసు పట్టుకుని, "డోసు తప్పిస్తే ఎలాగండీ" అని నిలబడేదానివి. నాకు అక్కర్లేదని చెప్పాలంటే కార్డు అబద్ధమని చెప్పాలి. అది చెప్పే ధైర్యం లేక తాగేవాణ్ని.

మొన్న పూర్ణచంద్రరావు గారి ముందు చేతులు చాపితే అవి వాటంతట అవే వణికాయి. ఆపుదామని బిగబట్టాను. ఆగలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తాను. "ఇప్పుడు మానేస్తే లివరు చాలావరకు కోలుకుంటుంది. మానకపోతే రెండేళ్లు కూడా చెప్పలేను. ఇంట్లో ఒక్కసారిగా మానొద్దు, ఫిట్సు వస్తాయి. నా కళ్లముందు మానండి" అని తన నర్సింగ్ హోములో ఆరు రోజులు పెట్టుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం గోడమీద నాకు స్టీము గేజీలు కనిపించాయట, ఆవిరి తగ్గించమని ఇంజను కుర్రాళ్లని కేకలేశానట. తెరేసమ్మ అనే నర్సు, "తగ్గించామండి సారంగు గారూ, ఇంక పడుకోండి" అందట. పడుకున్నానట. ఎల్లారావు నీకు తంతి ఇస్తానంటే నేనే ఒట్టు పెట్టించాను. నిన్ను కంగారు పెట్టకూడదని అందరికీ చెప్పాను గానీ అసలు సంగతి వేరు. నువ్వొచ్చి ఎందుకిలా అయిందని డాక్టర్ని అడుగుతావని భయం.

ఈరోజుకి పదకొండు రోజులైంది. ఒక్క చుక్క ముట్టలేదు. పాదాలు తగ్గాయి, ఆకలేస్తోంది, చేతులు నిలుస్తున్నాయి. ఒంట్లో బరువు దిగింది. నీకు రాసేస్తే మనసులోదీ దిగుతుందనుకున్నాను, ఇంకా దిగలేదు. తాగుడంటే అసహ్యించుకునే నీ చేత ఏడేళ్లు తాగుడు పోయించాను. నువ్వు అక్కడే ఉండిపోతానంటే కాదనే మొహం నాకు లేదు. రమ్మనీ రాయను, వద్దనీ రాయను.

నీ
కాశీరావు


చల్లపల్లి
12-8-1976

శ్రీవారికి,

ఉత్తరం చేరింది. అక్క కాలు నయం. మీరు డాక్టరు గారు చెప్పినట్టు నడుచుకోండి. నాకు ఇప్పుడు ఏమీ రాయడానికి రావడంలేదు.

గంగారత్నం


విజయవాడ
16-8-1976

గంగా,

నీ పోస్టుకార్డు రోజుకి పదిసార్లు చూస్తున్నాను. నాలుగు వాక్యాలకి పదిసార్లు ఏముంది అంటావు. అందులో కోపం ఎక్కడుందో వెతుకుతున్నాను, దొరకడంలేదు, దొరికితే బాగుండును.

నిన్న ఎల్లారావుకి అంతా చెప్పాను. వాడు నవ్వి, "డాక్టరు నిన్ను బెదిరించాడురా, ఇన్ని తుఫాన్లు చూసినోడివి, లొంగిపోయావా" అని వెళ్లిపోయాడు. ఇవాళ పొద్దున్నే మళ్లీ వచ్చాడు. పూర్ణచంద్రరావు గారు ఎన్నింటికి కూచుంటాడు, మా ఆవిడ మోకాలు చూపించాలి అన్నాడు. వాడి పాదాల వైపు చూశాను. చెప్పులు లేవు, వాచి ఉన్నాయి. నేను రిక్షా పిలిచాను. వాడొక్కడే ఎక్కాడు. ఆయన చూసి, ఇంకా సమయం మించిపోలేదన్నాడు.

నేను బాగానే ఉన్నాను. రాస్తే ఇంకో నాలుగు వాక్యాలు రాయి. తిట్లయినా సరే.

కాశీరావు


చల్లపల్లి
19-8-1976

ఏమండీ,

తిట్టమన్నారు. తిట్టే హక్కు నాకు లేదు. అందుకే ఇన్నాళ్లూ రాయలేకపోయాను.

మీ మొదటి ఉత్తరం పెరట్లో కూచుని చదివి పెద్దగా ఏడ్చేశాను. అక్క కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, "ఎవరు పోయారే" అంది. "ఎవరూ పోలేదక్కా, అందుకే" అన్నాను. అంతకంటే ఏం చెప్పను? మీరు బతికారన్న మాట ఆ ఉత్తరంలో మొదటే రాశారు చూడండి, అది ఒక్కటీ మంచి పని చేశారు.

ఇప్పుడు నా సంగతి వినండి. ఆ కార్డు అబద్ధమని నాకు ఏడేళ్ల కిందటే తెలుసు. రామ్మూర్తి మాస్టారు ఉన్నదున్నట్టే చెప్పారు. "అమ్మా, ఇది వైద్యం చీటీ కాదు. తాగకుండా ఉండలేనివాళ్లకి బొంబాయిలో ఇచ్చే అనుమతి. దీని గడువు కూడా నిరుటితో అయిపోయింది" అన్నారు. నేను ఆ కార్డు చెంగున ముడేసుకుని కరకట్ట మీద చాలాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చి మీకు గ్లాసులో పోశాను.

ఎందుకంటే చెబుతాను. మా అమ్మ మా నాన్నకి ఇంట్లో చుక్క పోయనిచ్చేది కాదు. ఆయన బయట తాగేవాడు. ఒకరోజు కాలవలో దొరికాడు. అమ్మ పట్టుదలవల్లే ఆయన పోయాడని చిన్నప్పుడే నా బుర్రలో పడిపోయింది. మీరు ఉద్యోగం మానేసి వచ్చినప్పుడు ఇంట్లో కాలు నిలిచేది కాదు. సాయంత్రమయితే స్టేషనుకి పోయి బండ్లు చూసేవారు, ఇంకో ఓడ ఎక్కుతానని బొంబాయికి ఉత్తరాలు రాసేవారు. అప్పటికి పెళ్లయి పాతికేళ్లయినా మీరు ఇంట్లో ఉన్న రోజులన్నీ కలిపితే నాలుగేళ్లు రావు. ఆ మొదటి సాయంత్రం నేను పోసి ఇస్తే మీరు వసారాలో కూచున్నారు. నన్నూ కూచోమన్నారు. బస్రాలో ఖర్జూరం తోటల సంగతి రెండు గంటలు చెప్పారు. అంతకుముందు మీరు నాతో రెండు గంటలు ఎప్పుడు మాట్లాడారు? మర్నాడూ పోశాను. మీరు నన్ను మోసం చేశానంటున్నారు. నేను తెలిసి పోశాను. మిమ్మల్ని ఇంట్లో కూచోబెట్టుకోవడానికి పోశాను. మీరు వద్దన్న రోజున కూడా, లేచి ఎటో వెళ్లిపోతారని భయపడి గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

ఇంకొకటి. ఇక్కడికి రావడానికి వారం ముందే మీ కళ్లు పచ్చబడటం చూశాను. నాన్న కళ్లు నాకు గుర్తే. చూసి కూడా ఆపమనే నోరు రాలేదు, పోసే చెయ్యీ రాలేదు. అక్క కాలు విరిగిందని కబురు రాగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పని నుంచి తప్పించుకుని పారిపోయి వచ్చాను. వస్తూ వస్తూ సీసాకి కాగితం మాత్రం అంటించి వచ్చాను. ఇలాంటిది రాయడానికి మూడు ఉత్తరాలు చింపాను.

ఎల్లారావు అన్నయ్యగారిని మీరు రిక్షా ఎక్కించారని చదివి నవ్వొచ్చింది. చాలా రోజులకి నవ్వాను. గుండెల మీదనుంచి ఎవరో లేచి వెళ్లినట్టుంది.

అక్క నడుస్తోంది. బుధవారం మధ్యాహ్నం బస్సుకి వస్తాను. నాకు ఒక్క భయం మిగిలింది, అది కూడా రాసేస్తాను. గ్లాసు లేకపోతే మీరు ఆ వేళకి నా పక్కన కూచుంటారా, కూచుంటే మాట్లాడతారా అని. జవాబు రాయకండి. వచ్చి వసారాలో కూచుంటాను, మీరు వస్తారో రారో చూస్తాను.

మీ
గంగారత్నం


విజయవాడ
21-8-1976

గంగా,

జవాబు రాయొద్దన్నావు. నిన్న సాయంత్రం నుంచి వసారాలోనే ఉన్నాను. త్వరగా రా, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

కాశీరావు