మత్తుమందు మీద ఒక భాగం

‘ఇంకా తెలియనివి’ కార్యక్రమం చెప్పే కథకుడు గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమేనని మీ గొంతే చెబుతోంది కాబట్టి అడగడం లేదు. నేను చొక్కాలకు కాజాలు కుట్టి గుండీలు వేస్తాను. వీధిలో అందరూ కాజాల అక్క అంటారు. మీ కార్యక్రమం వచ్చే వేళకు ఒళ్లో చొక్కాల గుట్ట పెట్టుకుని రేడియో దగ్గర కూర్చుంటాను.

సంగతేమిటంటే, కార్యక్రమంలో చివరి ముక్క మా ఇంటికి రావడం లేదు. పాముచేపలు సముద్రంలో గుడ్లు పెట్టడం ఎవరూ కళ్లారా చూడలేదన్నారు. పాపం ఎవరెవరు ఎక్కడెక్కడ వెతికారో చెప్పారు. నా చేతిలో సూది ఆగిపోయింది. ఆ తర్వాత చప్పుడే లేదు! మనిషి ఎందుకు ఆవలిస్తాడో చెప్పినప్పుడూ ఇంతే. మా తమ్ముడు తాళాలు బాగుచేస్తాడు. తెరుచుకోని వస్తువంటే వాడికి పడదు. చప్పుడు ఆగగానే జవాబు లోపల ఎక్కడో ఇరుక్కుందని వారం వారం రేడియో విప్పుతున్నాడు.

మిగిలిన ముక్కలు ఉత్తరంలో రాసి పంపగలరు.

ఇట్లు,
కాజాల అక్క

తా.క.: ఆవలింతల భాగం వింటూ ఆవలిస్తూ ఒక చొక్కాకు గుండీలు వీపు వైపు కుట్టేశాను. దీనికి కారకులెవరని దర్జీగారు అడిగారు. మీ సంగతి చెప్పలేదు.

*

గౌరవనీయులైన శ్రోతగారికి,

మీ ఆదరణకు కృతజ్ఞతలు. మీ రేడియోకు ఏ జబ్బూ లేదు. మేము చెప్పేవన్నీ శాస్త్రజ్ఞులకు ఇంకా అంతుచిక్కని సంగతులు. జవాబు ఉండాల్సిన చోట మేము కావాలనే నిశ్శబ్దం వదులుతాం. తెలియకపోవడం ఎంత పెద్దదో శ్రోతకు వినిపించాలని దాన్ని ఎంతో శ్రమపడి రికార్డు చేస్తాం. పక్కగదిలో ఎవరైనా దగ్గితే మళ్లీ మొదటినుంచి చేస్తాం.

త్వరలో మత్తుమందు మీద ఒక భాగం వస్తుంది. వైద్యులు దాన్ని రోజూ వాడుతున్నా, అది మనిషి తెలివిని సరిగ్గా ఏ దారిన తీసుకుపోతుందో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. తప్పక వినండి.

భవదీయుడు,
కథకుడు

తా.క.: మా నిశ్శబ్దాన్ని ఇంత శ్రద్ధగా విన్నవారు మీరొక్కరే. మిగతావాళ్లు స్టేషను మార్చేస్తారట.

*

కథకుడు గారికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఒక వైపు కుశలం లేదు. మత్తుమందు మాట చదవగానే కుట్టు పక్కన పెట్టి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మా తమ్ముడి కడుపులో గడ్డ ఉంది. ఆపరేషను చేసి తీసేస్తే సరిపోతుందని, ఆలస్యం చేస్తే మాత్రం ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెప్పారు. వాడు ఒప్పుకోవడం లేదు. కత్తికి భయపడడు, నొప్పికి భయపడడు. నిద్రపుచ్చుతారే, అక్కడ వచ్చింది పేచీ. ‘ఎలా పనిచేస్తుందో ఇచ్చేవాళ్లకే తెలియని మందుతో నేను కళ్లు మూసుకోను’ అంటాడు. అమ్మ అలాగే కళ్లు మూసుకుంది. మళ్లీ తెరవలేదు.

అందుకని ఆ ఒక్కదానికి జవాబు నాకు చాటుగా రాయండి. అన్నీ రేడియోలో చెప్పరని నాకు తెలుసు. దర్జీగారు కూడా బట్ట ఎంత మిగిలిందో అందరికీ చెప్పరు. నిజంగానే జవాబు లేకపోతే మీరే ఒకటి కల్పించండి. ఎవరికీ చెప్పను, ఒట్టు.

ఇట్లు,
కాజాల అక్క

తా.క.: కల్పించేటప్పుడు కొంచెం పెద్ద పెద్ద మాటలు వెయ్యండి. నమ్మడానికి బాగుంటుంది.

*

అక్కగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. కానీ జవాబు కల్పించలేను. ఈ కార్యక్రమానికి ఉన్న పరువంతా తెలియనిదాన్ని తెలియదని చెప్పడంలోనే ఉంది.

తెలిసింది మాత్రం చెబుతాను. ఆ మందు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో, మళ్లీ తెలివి ఎలా రప్పించాలో వైద్యులకు బాగా తెలుసు. ముప్పు బొత్తిగా లేదనను. గడ్డను అలాగే వదిలేస్తే వచ్చే ముప్పు ఇంకా పెద్దది. మీ తమ్ముడి భయం నాకు అర్థమవుతోంది. ఆయనను ఎలాగైనా ఒప్పించండి.

భవదీయుడు,
కథకుడు

తా.క.: మీరు ఉత్తరం పెట్టిన కవరు తాళాల కొట్టుది. దాని మీద చిరునామా అచ్చయి ఉంది. అందుకని మీకు శ్రమ లేకుండా మీ తమ్ముడికి నేనే ధైర్యం చెబుతూ నేరుగా ఒక ఉత్తరం రాశాను. కృతజ్ఞతలు అక్కరలేదు.

*

అయ్యా కథకుడు గారూ,

ఎంత పని చేశారండీ! మీకు గొంతు ఇచ్చిన దేవుడు చేతులు ఎందుకిచ్చాడో!

‘మీ కడుపులో గడ్డ సంగతి తెలిసింది, ధైర్యంగా ఉండండి’ అని రాస్తారా? కొట్టు మూసేసి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. కంచం ముందు పెడితే ‘లోపల చోటెక్కడుందక్కా’ అంటున్నాడు. తన దగ్గరున్న తాళంచెవులన్నీ మంచం మీద పోసుకుని ఏది ఎవరికివ్వాలో చెబుతున్నాడు. వాటిలో సగం ఏ తాళానివో వాడికే తెలియదు. నన్ను చూసినప్పుడల్లా ‘ఇన్నాళ్లూ నీలో నువ్వే దాచుకున్నావా’ అని కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. ఆ మాటకు నాకు ముద్ద దిగడం లేదు.

పొరపాటున వేరేవాళ్లకు రాయాల్సింది నీకు రాశానని వాడికి వెంటనే ఉత్తరం రాయండి. కారణం అడగకండి. మీకు దణ్ణం పెడతాను.

ఇట్లు,
కాజాల అక్క

తా.క.: ఆ ఉత్తరం మాత్రం బాగా రాశారు. వాడు పడుకున్నాక తీసి రెండుసార్లు చదువుకున్నాను.

*

అక్కగారికి,

మీ ఉత్తరం నన్ను ఆలోచనలో పడేసింది. ఆయన ఆపరేషనుకు ఒప్పుకోవడం లేదని మొదట రాశారు. ఇప్పుడు చూస్తే గడ్డ సంగతే ఆయనకు కొత్తగా తెలిసినట్టుంది. దీనికి రెండే కారణాలు ఉండాలి. రోగి తన రోగాన్నే మరిచిపోయి ఉండాలి. అలాంటిదైతే దాని మీద ప్రత్యేక భాగమే చేయవచ్చు. లేదా మీరు ప్రేమకొద్దీ రోగం దాచి, ఆయన మాటలుగా నాకు మీ మాటలే రాసి ఉండాలి. రెండోదే నిజమనుకుంటున్నాను. రోగం రోగికి చెప్పకపోవడం తప్పు అక్కగారూ. అబద్ధపు ఉత్తరం నేను రాయను.

ఆయనకు ఇంకో ఉత్తరం రాశాను. మత్తుమందు భాగం కోసం నేను మత్తు డాక్టరుగారిని కలిశాను. ఆవిడ చెప్పిన మాటే అందులో ఉంది. ‘మందు ఇచ్చి మేము వెళ్లిపోతామని జనం అనుకుంటారు. వెళ్లం. కోసేవాళ్లు కోస్తుంటే మేము తల దగ్గరే ఉండి, ఊపిరి ఊపిరీ చూస్తూ, లేచేదాకా కాచుకుంటాం. మా పని అదే’ అన్నారు.

భవదీయుడు,
కథకుడు

తా.క.: తాళంచెవులు పంచడం మాన్పించండి. తర్వాత ఊరంతా తిరిగి ఏరుకోవాల్సి వస్తుంది.

*

కథకుడు గారికి, తాళాల తమ్ముడు రాయునది.

నా కడుపులో గడ్డ లేదండి. ఎప్పుడూ లేదు.

మీ మొదటి ఉత్తరం అందాక నేను చావుకు సిద్ధపడి, ఎప్పుడు చస్తానో కనుక్కుందామని ఆస్పత్రికి వెళ్లాను. డాక్టరుగారు పొట్ట అంతా నొక్కి చూసి, వాయువు తప్ప ఏమీ లేదన్నారు. గడ్డ లేదంటే ఊరుకోలేదు నేను. రేడియోలో చెప్పేవారే స్వయంగా రాశారని మీ ఉత్తరం చూపించాను. ఆయన కవరు మీద కొట్టు చిరునామా చూశారు. అక్క ఆస్పత్రిలో రాయించిందీ అదేనట. ముఖం అదోలా పెట్టి, ‘మీ అక్కగారికి ఆపరేషను చెయ్యాలని రోజు కూడా ఇచ్చాం, మళ్లీ రాలేదేం?’ అన్నారు.

ఇంటికొచ్చేసరికి అక్క రేడియో పెట్టుకుని కాజాలు కుడుతోంది. తిట్టాలనే వచ్చాను. డాక్టరుగారు అడిగిన మాట చెప్పి పక్కన కూర్చున్నాను. అమ్మ పోయినప్పటినుంచీ నాకు జ్వరమొస్తే నా తల దగ్గర కూర్చున్నది అక్కే. దాని తల దగ్గర ఎవరూ కూర్చోలేదు. నేను కూడా కూర్చోలేదు. ‘నువ్వు బెంగపడతావని వాడి పేరు పెట్టి రాశానురా’ అంది. వాడంటే నేనే. భయంలో నన్నెవరనుకుందో.

మర్నాడు మీ రెండో ఉత్తరం వస్తే దానికి చదివి వినిపించాను. మత్తు డాక్టరుగారి మాట దగ్గర ఆపమంది. ‘లేచేదాకా అక్కడే ఉంటారా? మధ్యలో లేచి వెళ్లరా?’ అని అడిగింది. వెళ్లరట అన్నాను. ‘అయితే పద’ అంది. మందు ఎలా పనిచేస్తుందో మళ్లీ అడగలేదు.

గడ్డ తీసేశారు. బాగానే జరిగిందన్నారు. ఇంకా తెలివి రాలేదు, వస్తుందంటున్నారు. దాని మంచం పక్కన కుర్చీలో కూర్చుని, మందులచీటీ అట్ట ఒళ్లో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అట్ట మాటిమాటికీ జారుతోంది, అక్షరాలు సర్దుకుని చదువుకోండి.

ఇట్లు,
తాళాల తమ్ముడు

తా.క.: మనిషిని నిద్రపుచ్చడానికి ఇక్కడ సూదులు, గొట్టాలు, మాస్కులు ఎన్నో పెట్టారు. నేనైతే మీ కార్యక్రమం మొదలవగానే పడుకుంటాను. మీరు ఆగితేనే మెలకువ. ఎలా పనిచేస్తుందో నాకూ తెలియదు.

మళ్లీ తా.క.: కవరు అంటించబోతుంటే అక్క కళ్లు తెరిచింది. నన్ను చూసి, ‘ఇంతసేపూ నేను ఎక్కడున్నానురా?’ అంది. మీరైతే ఆ చోట నిశ్శబ్దం వదులుతారు. నా వల్ల కాలేదు. ‘ఇక్కడే ఉన్నావక్కా, నేను నీ తల దగ్గరే కూర్చుని చూస్తున్నాను’ అన్నాను. సరేనని మళ్లీ కళ్లు మూసుకుంది. నిజానికి ఆపరేషను అయ్యేదాకా నన్ను తలుపు బయటే ఉంచారండి. ఈ ఒక్కటీ అక్కకు రాయకండి.